ఆరు డిస్కులు పెడితే రెండే కనిపించాయి: తెనాలి స్టూడియో నాస్ డైరీ

జూలై 5, శనివారం రాత్రి

మా బావకు తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. ఇప్పుడు ఒక్కో పెళ్లికి మూడు కెమెరాలు, ఒక డ్రోన్. అన్నీ కలిపితే 500 జీబీ ఎటూ పోదు. ఇన్నాళ్లూ ప్రతి పెళ్లినీ రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకదాని మీద ‘ఎ’ అనీ ఇంకోదాని మీద ‘బి’ అనీ స్కెచ్ పెన్నుతో రాసి బీరువాలో పెడుతున్నాడు. ఇప్పటికి 8 టీబీ డబ్బాలు ఆరయ్యాయి. పాత పెళ్లి ఒకటి వెతకాలంటే ఏ డబ్బాలో ఉందో తెలియక మూడూ పెట్టి చూడాల్సిందే.

ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, బావ ఖాళీగా ఉన్నాడు. శ్రావణం వచ్చిందంటే ఇక ఫోనుకు కూడా దొరకడు. అందుకే ఈ మూడు వారాల్లో నాస్ (నెట్‌వర్కులో అన్ని కంప్యూటర్లూ వాడుకునే డిస్కుల పెట్టె) కట్టి తెనాలిలో పెట్టేయాలని అనుకున్నాం. పొద్దున్నే రైలు దిగి, ‘బి’ డబ్బాలు మూడూ తువ్వాళ్లలో చుట్టి కూకట్‌పల్లి దాకా మోసుకొచ్చాడు. ‘ఎ’ డబ్బాలు బీరువాలోనే ఉన్నాయి. ఇది అయ్యేదాకా వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

మిషన్ కొత్తదేం కాదు. నా పాత డెస్క్‌టాప్: ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఆరు, సిస్టమ్ కోసం బోర్డుకే గుచ్చే ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకటి. 8 టీబీ డిస్కులు మూడు కొత్తవి కొన్నాం. ఇంకో మూడు ఈ ‘బి’ డబ్బాలు విప్పి తీసేవి. మొత్తం ఆరింటినీ జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్ని కలిపి చూసుకునే ఫైల్ సిస్టమ్)లో రెయిడ్‌జెడ్2 గా పెడితే రెండు డిస్కులు పోయినా డేటా పోదు. నాలుగు డిస్కుల జాగా వాడుకోవచ్చు, అంటే 32 టీబీ. నాస్ నడిపే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ స్కేల్, లోపల లినక్స్.

డబ్బాలు విప్పడానికి పాత ఏటీఎం కార్డులు రెండు చాలాయి. అంచులో దూర్చి తిప్పితే క్లిప్పులు టప టప ఊడతాయి. మొదటిదానికి ఇరవై నిమిషాలు పట్టింది, మూడోదానికి రెండు. లోపల మామూలు సాటా డిస్కే ఉంటుంది, వెనక చిన్న యూఎస్‌బీ బోర్డు. విప్పితే వారంటీ గోవిందా అని బావకు ముందే చెప్పాను.

రాత్రి ఎనిమిదింటికి ఆరు డిస్కులూ బిగించి, స్క్రూలన్నీ వేసి, వైర్లు అందంగా కట్టి, సైడ్ ప్యానెల్ కూడా మూసేసి స్విచ్ వేశాను. తెర మీద రెండే డిస్కులు.

ప్యానెల్ అంత తొందరపడి మూయకూడదు. అన్నీ కనిపించేదాకా స్క్రూ కూడా వేయకూడదు. ఈ ముక్క నాకు ముందే తెలుసు, అయినా మూశాను.

బావ అన్నాడు, "ఎస్‌ఎంపీఎస్ చాలట్లేదేమో బావా?" మిషన్‌కి కరెంటిచ్చే ఆ పెట్టె 450 వాట్లది. నాకూ అదే అనుమానం వచ్చింది. బయాస్ (మిషన్ లేచేటప్పటి సెట్టింగులు) డీఫాల్టుకి తెచ్చాను, సాటా మోడ్ సరిగ్గా ఏహెచ్‌సీఐలోనే ఉంది. డేటా కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను. అన్నీ ఒకేసారి మార్చేశాను కాబట్టి ఏ మార్పుకి ఏం జరిగిందో తెలియలేదు. పన్నెండింటికి పడుకున్నాం.

జూలై 6, ఆదివారం

ఈ రోజు పద్ధతిగా. ముందు ప్రతి డిస్కు సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు మాస్కింగ్ టేపు మీద రాసి డిస్కు అంచుకి అతికించాను. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్ముకుంటే మునిగిపోతాం. ఒక డిస్కు కనిపించకపోతే మిగతావి ఒక అక్షరం ముందుకి జరుగుతాయి, రీస్టార్ట్ చేస్తే ఇంకోలా మారతాయి. సీరియల్ నంబరు మాత్రం మారదు.

తర్వాత సైడ్ ప్యానెల్ తీసి, స్విచ్ వేసి, ఒక్కో డిస్కు మీద చేయి పెట్టి చూశాను. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. పైసా ఖర్చు లేదు. కొత్తవి మూడూ సన్నగా వణుకుతున్నాయి, అంటే తిరుగుతున్నాయి. డబ్బాల్లోంచి తీసినవి మూడూ రాళ్లలా ఉన్నాయి. చప్పుడు లేదు, వేడి లేదు.

అంటే ఒకటి కాదు, రెండు సమస్యలున్నాయి. తిరుగుతూ కూడా కనిపించని కొత్త డిస్కు ఒకటి. అసలు తిరగనివి మూడు. నిన్నంతా నేను ఈ నాలుగింటికీ కలిపి ఒకే కారణం వెతికాను.

తిరగని ఒకదాన్ని తీసి దాని యూఎస్‌బీ బోర్డుకే మళ్లీ తగిలించి లాప్‌టాప్‌కి పెడితే చక్కగా తిరిగింది, ఫోల్డర్లన్నీ వచ్చాయి. డిస్కు బాగానే ఉంది. "కంపెనీవాడు లాక్ చేసి ఉంటాడు, డబ్బా బయట పనిచేయకుండా," అన్నాడు బావ. కొన్ని డబ్బాల్లో ఆ యూఎస్‌బీ బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే మాట నిజమే. అలాంటివాటిలో డిస్కుని విడిగా పెడితే డేటా చెత్తలా కనిపిస్తుంది. కానీ అప్పుడు కూడా డిస్కు తిరుగుతుంది. మోటారే కదలకపోవడం లాక్ కాదు.

దారి దొరికింది మాత్రం తెలివితో కాదు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పవర్ కనెక్టరు పాడయిందేమోనని, పాత సామాన్ల డబ్బాలో పడున్న ఒక స్ప్లిట్టర్ తీశాను. ఒక సాటా పవర్ కనెక్టరుని నాలుగు చేసే రకం. దాని గుండా పెట్టగానే డిస్కు గుర్రుమని లేచింది. రెండోది పెట్టాను, లేచింది. మూడోదీ లేచింది. అదే కరెంటు, అదే కనెక్టరు, మధ్యలో ఒక చౌక వైరు. అంతే తేడా.

రెండు వైర్లనీ పక్కపక్కన పెట్టి చూశాం. ఎస్‌ఎంపీఎస్ కేబులులో ఐదు వైర్లు: పసుపు, ఎరుపు, రెండు నలుపు, ఒక నారింజ. స్ప్లిట్టర్లో నాలుగే. నారింజ లేదు. మల్టీమీటర్ పెడితే పసుపులో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3.

కథ ఇదీ. సాటా పవర్ కనెక్టరులో 15 పిన్నులుంటాయి. పాత ప్రమాణం ప్రకారం మొదటి మూడూ 3.3 వోల్టులవి. వాటిని 3.5 అంగుళాల డిస్కులు దాదాపు ఎప్పుడూ వాడుకోలేదు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం మూడో పిన్నుకి కొత్త పని ఇచ్చింది: దాని మీద వోల్టేజి ఉన్నంతసేపూ డిస్కు ఆగిపోయి ఉండాలి. దాన్ని పవర్ డిజేబుల్ అంటారు. డేటా సెంటర్లలో ఒక డిస్కు మొరాయిస్తే మనిషి వెళ్లి పీకి పెట్టక్కర్లేకుండా దూరం నుంచే ఆపి లేపడానికి పెట్టిన ఏర్పాటు అది. నా పాత ఎస్‌ఎంపీఎస్‌కి ఈ సంగతి తెలియదు. మూడో పిన్నులోకి 3.3 వోల్టులు పంపిస్తూనే ఉంది. డిస్కు దృష్టిలో అది "ఆగు" అన్న ఆజ్ఞ. పాపం, చెప్పినట్టే ఆగింది.

డిస్కు చెడిపోలేదు, ఎస్‌ఎంపీఎస్ చెడిపోలేదు. ఒకే పిన్నుని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అర్థం చేసుకున్నారు. బావకి ఇది తెగ నచ్చింది. పెళ్లిలో మగపెళ్లివారి మర్యాదల తగాదా కూడా ఇలాంటిదేనన్నాడు.

మూడు డిస్కుల్నీ ఆ స్ప్లిట్టర్ మీదే ఉంచేశాను. ఇప్పుడు ఐదు కనిపిస్తున్నాయి. బావ సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు.

జూలై 8, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక ఆరోదాని మీద పడ్డాను. కొత్తది, తిరుగుతోంది, కనిపించదు. దాని కేబులు పక్కదానికీ, పక్కదాని కేబులు దీనికీ మార్చాను. ఈసారి ఇది కనిపించింది, పక్కది మాయమైంది. అంటే డిస్కులో లోపం లేదు. కేబులు కొత్తది వేసినా అంతే. మిగిలింది పోర్టు: బోర్డు మీద సాటా 1.

కెర్నెల్ లాగ్ (సిస్టమ్ తను చేసినవన్నీ రాసుకునే చిట్టా) తీశాను. అందులో పోర్టుల పేర్లు ఏటీఏ1, ఏటీఏ2 అని ఉంటాయి. ఏటీఏ2 నుంచి ఏటీఏ6 దాకా లింక్ అప్, అన్నీ 6 గిగాబిట్లు. ఏటీఏ1 కూడా లింక్ అప్పే! శనివారం రాత్రి ఇది చూసే ఆ పోర్టు బాగానే ఉందనుకుని వదిలేశాను. ఈసారి కింది వరస కూడా చదివాను. ఏటీఏ1 మీద ఉన్న డిస్కు 8 టీబీది కాదు, నా ఎం.2 ఎస్‌ఎస్‌డీ. రైల్లో మన బెర్తు మీద వేరేవాళ్లు ముసుగుతన్ని పడుకున్నట్టు.

బోర్డు మాన్యువల్లో ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఎం.2 స్లాటులో సాటా రకం ఎస్‌ఎస్‌డీ పెడితే సాటా 1 పనిచేయదు. ఆ స్లాటుకీ ఆ పోర్టుకీ లోపల ఒకటే లైను. ఎన్‌వీఎంఈ రకం పెడితే ఈ బాధ లేదు, అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో పోతుంది. పైకి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. నా దానికి బంగారు పళ్ల అంచులో రెండు గాట్లున్నాయి. ఎన్‌వీఎంఈ వాటికి సాధారణంగా ఒకటే ఉంటుంది. ఇన్నేళ్లూ ఈ మిషన్లో ఆరు డిస్కులు ఎప్పుడూ పెట్టలేదు కాబట్టి తెలియలేదు.

మందు తెలిసిపోయింది: చిన్న ఎన్‌వీఎంఈ ఒకటి కొనడం. కానీ నాకు ఇంకో ఆశ పుట్టింది. సర్వర్లలో వాడి తీసేసిన ఎల్‌ఎస్‌ఐ కంపెనీ డిస్కుల కార్డు ఒకటి కొంటే ఒకేసారి ఎనిమిది పోర్టులు వస్తాయి. రేపు బావ ఇంకో రెండు డిస్కులు అంటాడు కదా. ఇలా ఆలోచించే వారం పోగొట్టుకున్నాను.

జూలై 12, శనివారం

సికింద్రాబాద్ సీటీసీ, కంప్యూటర్ సామాన్ల కొట్లుండే చోటు. రేపు ఉజ్జయిని మహంకాళి బోనాలు. రోడ్లన్నీ వేపమండలు, లైట్లు, మైకులు. బండి ఎక్కడో పెట్టి ప్యారడైజ్ నుంచి నడిచాను. మూడు కొట్లు తిరిగితే సాస్2008 చిప్పు ఉన్న పాత కార్డు దొరికింది. ఇలాంటి కార్డు కొనేటప్పుడు ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఉందా అని అడగాలి. ఐఆర్ మోడ్‌లో కార్డు తనే డిస్కుల్ని కలిపి రెయిడ్ చేయాలని చూస్తుంది. ఐటీ మోడ్‌లో అయితే మధ్యవర్తిత్వం మానేసి డిస్కుల్ని ఉన్నవున్నట్టు సిస్టమ్‌కి అప్పగిస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కి కావలసింది ఇదే. కొట్టులోనే పెట్టి చూపించాడు, ఐటీ అనే ఉంది. కేబులు కూడా అక్కడే ఇచ్చాడు: ఒక వైపు కార్డుకి పెట్టే వెడల్పాటి మినీ సాస్ మూతి, ఇంకో వైపు నాలుగు సాటా మూతులు.

జూలై 13, ఆదివారం

కార్డు పెట్టాను, గుర్తుపట్టింది. కొత్తవి మూడు, డబ్బాలోది ఒకటి కార్డుకి. మిగతా రెండు బోర్డుకి. బోర్డువి రెండూ కనిపించాయి. కార్డు మీద సున్నా.

చేయి పెట్టి చూస్తే నాలుగూ తిరుగుతున్నాయి. కాబట్టి పవర్ గొడవ కాదు. కార్డుని స్లాటులోంచి పీకి, పళ్లు రబ్బరుతో తుడిచి పెట్టాను. కార్డులో రెండో మూతికి మార్చాను. కార్డు సొంత మెనూలోకి వెళ్లి వెతికించాను, అక్కడా ఏమీ లేవు. సిస్టమ్ దాకా పోనక్కర్లేదు, కార్డుకే డిస్కులు కనిపించడం లేదు. బయట డప్పులు మోగుతున్నాయి, లోపల నా తల.

సాయంత్రం టీ తాగుతూ కేబులు తిప్పి చూస్తుంటే దాని మీద అచ్చేసిన అక్షరాల్లో ‘రివర్స్’ అనే మాట కనిపించింది. ఈ కేబుళ్లు రెండు రకాలట. కార్డు నుంచి నాలుగు డిస్కులకి పోయేది ఫార్వర్డ్. బోర్డు మీది నాలుగు సాటా పోర్టుల నుంచి సర్వర్ క్యాబినెట్‌లో డిస్కులు గుచ్చే పలకకి, అంటే బ్యాక్‌ప్లేన్‌కి పోయేది రివర్స్. చివరలు రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, నున్నగా దూరతాయి, లోపల తీగల అమరిక మాత్రం వేరు. తప్పుది పెడితే ఏదీ కాలదు, ఏదీ పాడవదు, ఏ ఎర్రరూ రాదు. ఒట్టి మౌనం.

ఫార్వర్డ్ కేబులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. కొట్టతన్ని తప్పుపట్టడానికి లేదు, ఏ రకం కావాలో నేనే అడగలేదు.

జూలై 16, బుధవారం

కేబులు వచ్చింది. ఆరు డిస్కులూ కనిపించాయి. అన్నిటినీ కలిపి ఒక పూల్ కట్టి, ఆరు డిస్కులకీ స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్కు తనని తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష) పెట్టి పడుకున్నాను. 8 టీబీకి దాదాపు పదహారు గంటలు పడుతుంది. కార్డు మీది హీట్‌సింక్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఇది సర్వర్ల హోరుగాలిలో బతకడానికి చేసిన వస్తువు. పాత ఫ్యాన్ ఒకటి జిప్ టైతో కట్టాను.

జూలై 18, శుక్రవారం

టెస్టులన్నీ పాసయ్యాయి. కొంత డేటా కూడా వేశాను. నిన్న రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది. మిషన్ తనంతట తను లేచేలా బయాస్‌లో పెట్టాను కాబట్టి లేచింది. పొద్దున చూస్తే పూల్ డీగ్రేడెడ్. ఒక డిస్కు లేదు.

మళ్లీ మొదటికొచ్చింది. బావ రోజూ ఫోన్ చేస్తున్నాడు, చెప్పాలా వద్దా అని టెన్షన్.

లాగ్‌లో ఏటీఏ5 దగ్గర లింక్ నెమ్మదిగా ఉంది, ఓపిక పట్టమని ఒక వరస. ఆ తర్వాత కామ్‌రీసెట్ (డిస్కుని పలకరించే సంకేతం) ఫెయిల్డ్ అని మూడుసార్లు. రీస్టార్ట్ కొట్టాను. ఆరూ వచ్చాయి! జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ డిస్కు మిస్సయిన కాస్త డేటా మాత్రం రాసుకుని నిమిషంలో మామూలైపోయింది. దీంతో ఇంకా చికాకు. వచ్చీపోయే జబ్బుకి వైద్యం కష్టం.

జూలై 19, శనివారం

పొద్దున్నుంచీ ఒకటే పని. కాగితం మీద గీతలు గీసి రెండు వరసలు పెట్టాను. ఒకటి: రీస్టార్ట్ చేయడం. రెండు: పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, నిమిషం ఆగి మళ్లీ వేయడం. ఒక్కోటి ఎనిమిదిసార్లు. వచ్చిన డిస్కులు ఎన్ని, రానిదాని నంబరు ఏది, రాసుకుంటూ పోయాను.

రీస్టార్ట్ చేసిన ఎనిమిదిసార్లూ ఆరు డిస్కులు వచ్చాయి. ప్లగ్ తీసి వేసినప్పుడు ఎనిమిదిలో మూడుసార్లు ఐదే వచ్చాయి. రానిది ప్రతిసారీ ఒకటే కాదు. కానీ మాయమైనవన్నీ ఆ డబ్బాల్లోంచి తీసిన మూడింట్లోవే. ఒకటి కార్డు మీదుంది, రెండు బోర్డు మీదున్నాయి. కాబట్టి కార్డు నేరం కాదు, బోర్డు నేరం కాదు. ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: స్ప్లిట్టర్.

స్మార్ట్ అంకెలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునేవి) చూశాను. 5, 197 నంబరు వరసల్లో సున్నా, డిస్కు పలకల మీద దెబ్బల్లేవు. 199 కూడా సున్నా, అంటే డేటా కేబులు మీద తప్పులు దొర్లలేదు. ఈ 199 ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు కాబట్టి, పాత డిస్కుల్లో అది ఎంత ఉందన్నది కాదు, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి.

ఇక లెక్క. 3.5 అంగుళాల డిస్కు నిలబడి ఉన్న స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను నుంచి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అందులో సగం కూడా అక్కర్లేదు. సైకిలు తొక్కేటప్పుడు మొదటి పెడలుకే బలం కావాలి కదా. రీస్టార్ట్‌లో డిస్కులు ఆగవు, తిరుగుతూనే ఉంటాయి, అందుకే అప్పుడు ఏ గొడవా లేదు. ప్లగ్ తీసి వేస్తే మూడూ ఒకేసారి లేస్తాయి, 6 ఆంపియర్లు. ఆ మొత్తం ఒకే ఒక్క సాటా పవర్ కనెక్టరు గుండా రావాలి. సాటా కనెక్టరులో 12 వోల్టులకి ఉన్నవి మూడు పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5. ఆరు మోయమంటే దాని వల్ల ఎక్కడవుతుంది?

స్ప్లిట్టర్ చివరి మూతి దగ్గర మల్టీమీటర్ పెట్టి స్విచ్ వేశాను. ఒక క్షణం 11.1 చూపించి పైకి లేచింది. ఎస్‌ఎంపీఎస్ ప్రమాణం ప్రకారం 12 వోల్టులు 11.4 కంటే దిగకూడదు. చౌక మీటరు కాబట్టి నిజానికి ఇంకా కిందికే పడి ఉంటుంది. స్ప్లిట్టర్ పీకి చూస్తే మొదటి కనెక్టరు ప్లాస్టిక్ ఒక మూల కాస్త గోధుమరంగు తిరిగింది. వాసన చూశాను. కొన్నాళ్లు అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో.

మొదటి ఆదివారం దారి చూపించింది ఆ స్ప్లిట్టరే. దాన్ని దారి చూపించినందుకు దండం పెట్టి తీసేయాల్సింది, నేను కాపురానికి పెట్టుకున్నాను.

జూలై 20, ఆదివారం

మూడో పిన్నుని టేపుతో మూసేశాను. ఎలక్ట్రికల్ వైరింగుకి వాడే నల్ల టేపు పనికిరాదు. మందం ఎక్కువ, వేడికి జిగురు కారుతుంది. మొబైల్ రిపేర్ చేసేవాళ్లు వాడే పసుపుపచ్చ కాప్టన్ టేపు కావాలి. సందు చివర రిపేర్ కొట్టు కుర్రాడు జానెడు ముక్క ఊరికే ఇచ్చాడు, "ఎందుకన్నా?" అని అడిగి, చెబితే నమ్మకుండా నవ్వాడు.

పిన్నుల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. మూడో పిన్నొక్కదాన్నే మూయడం నా చేతులతో అయ్యే పని కాదు. అక్కర్లేదు కూడా. మొదటి మూడూ 3.3 వోల్టులకి సంబంధించినవే, వాటిని ఈ డిస్కు వాడుకోదు. మూడూ కలిపి మూసేస్తే సరి. డిస్కు మీద డేటా కనెక్టరు వైపు నుంచి లెక్కపెట్టుకోవాలి. నాలుగోది గ్రౌండ్, దాని మీదకి టేపు పోకూడదు. బ్లేడుతో నాలుగు మిల్లీమీటర్ల కంటే సన్నటి పట్టీ కోసి, అక్క కనుబొమలకి వాడే చిమటా మా ఇంట్లో ఒకటి మిగిలిపోతే దానితో పట్టుకుని, అతికించి, గోరుతో నొక్కి, చివర వెనక్కి మడిచాను. మూడు డిస్కులకీ గంట పట్టింది.

ఇంకో దారి, మోలెక్స్ (ఎస్‌ఎంపీఎస్‌కి ఉండే పాతకాలపు నాలుగు పిన్నుల మూతి) నుంచి సాటాకి మార్చే వైరు. మోలెక్స్‌లో 3.3 వోల్టులే ఉండవు కాబట్టి టేపు అక్కర్లేదు. కానీ వాటిలో వైర్లని ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం వద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన ఉదంతాలు బోలెడున్నాయి. వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకం అయితే పరవాలేదు. నేను టేపుకే ఓటు వేశాను, మధ్యలో ఇంకో కనెక్టరు ఉండదని.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే రెండు కేబుళ్లకి మూడేసి డిస్కులు, స్ప్లిట్టర్ లేదు. ప్లగ్ తీసి వేయడం పదిసార్లు. పదిసార్లూ ఆరు.

జూలై 22, మంగళవారం

రాత్రి పడుకుని కార్డు గురించి ఆలోచించాను. పని చేస్తోంది. కానీ జిప్ టై కట్టిన ఫ్యాన్ ఒక రోజు ఆగిపోతుంది, తెనాలిలో అది ఎవరూ చూడరు. బావకి కెమెరా లెన్సు లోపల బూజు పట్టినా తెలుస్తుంది కానీ, ఈ కార్డు వేడెక్కి నాలుగు డిస్కులు ఒకేసారి పడిపోతే నేను రైలెక్కాలి. ఆరు డిస్కులకి ఆరు పోర్టులు బోర్డు మీదే ఉన్నప్పుడు ఈ కార్డు ఎందుకు?

250 జీబీ ఎన్‌వీఎంఈ తెచ్చాను. ట్రూనాస్ సెట్టింగుల ఫైలు దించుకుని, కొత్తదానిలో ఇన్‌స్టాల్ చేసి, ఫైలు మళ్లీ ఎక్కించాను. కార్డు తీసేసి ఆరు డిస్కుల్నీ బోర్డుకి మార్చాను. కార్డు ఐటీ మోడ్‌లో ఉన్నందువల్ల డిస్కుల మీద తన సొంత రాతలేమీ రాయలేదు. పోర్టులు మారినా జెడ్‌ఎఫ్‌ఎస్ తన డిస్కుల్ని తనే పోల్చుకుంది, పూల్ ఒక్క మాట అనకుండా వచ్చింది. 8వ తేదీనే చేయాల్సిన పని.

కార్డు, రెండు కేబుళ్లు నా సొరుగులోకి పోయాయి. ఒకదాని మీద ‘రివర్స్, డిస్కులకి కాదు’ అని రాసి పెట్టాను.

జూలై 26, శనివారం, తెనాలి

నిన్నే శ్రావణం మొదలైంది. డిస్కులు విడిగా తీసి బావ తెచ్చిన తువ్వాళ్లలోనే చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను, మిషన్ సీటు కింద. స్టూడియోలో మళ్లీ బిగించి స్విచ్ వేస్తే ఐదు.

బావ మొహం చూడాలి. నాకు మాత్రం ఈసారి గుండె జారలేదు. చేయి పెట్టాను, ఆరూ తిరుగుతున్నాయి. తెర మీద లేని నంబరు చూసి, ఆ టేపు అంటించిన డిస్కు వెనక డేటా కేబులు నొక్కితే క్లిక్‌మంది. సగమే దూరింది. మొత్తం రెండు నిమిషాలు.

ఆరు నంబర్లూ, ఏది ఏ వరసలో ఉందో, ఒక కాగితం మీద రాసి ప్యానెల్ లోపలివైపు అతికించాను. స్టూడియోకి ఇన్వర్టర్ ఉంది, కానీ కరెంటు పోయి అది అందుకునే లోపు మిషన్ ఆగిపోతోంది. అందుకని చిన్న యూపీఎస్ ఒకటి మధ్యలో పెట్టాం. నిదానంగా ‘ఎ’ డబ్బాల్లోంచి కాపీ మొదలుపెట్టాం. సెకనుకి 110 ఎంబీ దగ్గర ఆడుతోంది, గిగాబిట్ నెట్‌వర్కుకి అంతకంటే రాదు. మూడు డబ్బాలూ అయ్యేసరికి రెండు రోజులు దాటుతుంది.

"అయ్యాక ఆ మూడూ కూడా విప్పేసి ఇందులో పెట్టేద్దామా బావా?" అన్నాడు.

వద్దన్నాను. ఈ ఆరూ ఒకే క్యాబినెట్‌లో, ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద ఉన్నాయి. పిడుగు పడితే ఆరూ ఒకేసారి పోతాయి, రెయిడ్‌జెడ్2 కాదు కదా ఏదీ ఆపలేదు. కాపీ అవగానే ‘ఎ’ డబ్బాలు దుగ్గిరాలలో వాళ్ల అన్నయ్యగారి ఇంటికి పంపించేయమన్నాను. వాళ్లది పసుపు వ్యాపారం. బస్తాల గదిలో మాత్రం పెట్టొద్దని అక్కకి విడిగా ఫోన్ చేసి మరీ చెప్పాను.